ఓటు లేని తరం: 1969 తెలంగాణ విద్యార్థులు

తెలుగు నేలపై విద్యార్థి ఉద్యమాలు – ఆరో భాగం

1952 సెప్టెంబరులో హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర జరిగిన పోలీసు కాల్పుల గురించి గత భాగంలో చెప్పుకున్నాం. స్థానికుల ఉద్యోగాలు బయటివాళ్ల పాలవుతున్నాయని వరంగల్‌లో మొదలైన విద్యార్థుల ఆందోళన రాజధానికి చేరింది, నెత్తురు చూసింది, చల్లారింది. జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపి నివేదిక ఇచ్చారు. అసలు ప్రశ్న మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. పదహారేళ్లు తిరిగేసరికి, 1969 జనవరిలో అదే ప్రశ్న పదిరెట్ల బలంతో మళ్లీ లేచింది. ఆ ఏడాదిని ఓడిపోయిన ఉద్యమంగా, కుర్రకారు తొందరపాటుగా, ఒక విద్యా సంవత్సరం మింగేసిన గొడవగా చెప్పుకోవడం మనకు అలవాటైంది. సంఘటనలను తేదీల వారీగా పేర్చి చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. విద్యార్థులు సమస్యను పెద్దలకంటే ముందే, పెద్దలకంటే సరిగ్గా పోల్చుకున్నారు. వాళ్ల బలాన్ని అందరూ వాడుకున్నారు. నిర్ణయం జరిగే గదిలోకి మాత్రం వాళ్లను ఎవరూ రానివ్వలేదు. 1969 వైఫల్యం వయసుది కాదు, ఆ తలుపు మూసిన వ్యవస్థది. ఈ భాగంలో నేను నిరూపించదలచుకున్నది ఇదే.

ముందుగా ఈ విద్యార్థులు ఎవరో తెలుసుకోవాలి. 1969 నాటికి పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల వయసున్నవాళ్లు 1947–51 మధ్య పుట్టారు. రజాకార్ల దాడులు, సాయుధ పోరాటం, పోలీసు చర్య వాళ్లకు ఇంట్లో విన్న కథలు. నిజాం పాలనలో పై చదువులు ఉర్దూలో సాగేవి. ఈ పిల్లలు మాత్రం తెలుగు బడుల్లో చదువుకుని, ఇంగ్లీషు మాధ్యమానికి మారిన ఉస్మానియాలో చేరారు. వీళ్లలో చాలామంది ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తామే. పరిశ్రమలు అంతంతమాత్రంగా ఉన్న ఆ రోజుల్లో డిగ్రీ చదివిన రైతుబిడ్డకు కనిపించే దారి ఒక్కటే, సర్కారు కొలువు. గుమాస్తా పోస్టో, టీచరు పోస్టో, కరెంటాఫీసులో చిన్న ఉద్యోగమో దొరికితే కుటుంబం నిలదొక్కుకుంటుంది. అందుకే ఉద్యోగ నియామకాల జీవోలు వీళ్లకు పాలనా వ్యవహారంలా కనిపించలేదు. కన్నవాళ్లు పొలం తాకట్టు పెట్టి చెప్పించిన చదువుకు ఫలితం వస్తుందా రాదా అన్నది ఆ కాగితాల మీద ఆధారపడింది. ఇది పెద్దల రాజకీయం, పిల్లలకెందుకు అనేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. ఆ రాజకీయం అందరికంటే ముందు తగిలింది పిల్లలకే.

ఇక మాట తప్పడం ఎక్కడ మొదలైందో చూద్దాం. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు నలుగురేసి కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణలోనే ఖర్చు పెట్టాలని, ఉద్యోగాల్లో స్థానికులకు రక్షణ ఉండాలని, ప్రాంతీయ మండలి ఒకటి పనిచేయాలని అందులో రాసుకున్నారు. నిజాం కాలం నాటి ముల్కీ నిబంధనల ప్రకారం పదిహేనేళ్లు ఇక్కడ నివాసమున్నవాళ్లే స్థానికులు. అదే సూత్రం మీద పార్లమెంటు 1957లో ఒక చట్టం చేసింది. 1959 మార్చి నుంచి అయిదేళ్లు అమల్లో ఉండాలన్నారు, 1964లో ఇంకో అయిదేళ్లు పొడిగించారు. అంటే 1969 మార్చికి గడువు తీరిపోతుంది. ఈలోగా తప్పుడు నివాస ధ్రువపత్రాలతో, మినహాయింపులతో స్థానికేతరులు ఉద్యోగాల్లో చేరుతున్నారని తెలంగాణ ఎన్జీవోలు (నాన్‌గెజిటెడ్ ఉద్యోగులు) ఏళ్లుగా మొరపెట్టుకుంటూనే ఉన్నారు. 1968 జులైలో ‘రక్షణల దినం’ కూడా పాటించారు. ఎవరూ పట్టించుకోలేదు. గడువు రెండు నెలల్లోకి వచ్చేసరికి విద్యార్థులు రంగంలోకి దిగారు. తొందరపడ్డారని వాళ్లను అనాలంటే, పదమూడేళ్లు ఓపిక పట్టిన పెద్దలు ఏం సాధించారో ముందు చెప్పాలి.

నిప్పు రాజుకున్నది హైదరాబాద్‌లో కాదు. పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రంలో స్థానికులకు ఉద్యోగాలు దక్కడం లేదన్న అసంతృప్తి ఖమ్మం జిల్లాలో అప్పటికే పేరుకుని ఉంది. 1969 జనవరి రెండో వారంలో ఖమ్మంలో అన్నబత్తుల రవీంద్రనాథ్ అనే విద్యార్థి రక్షణలు అమలు చేయాలని నిరాహారదీక్షకు కూర్చున్నాడు. రోజుల్లోనే ఆ వేడి ఉస్మానియాకు పాకింది, కార్యాచరణ సమితి ఏర్పడింది, జిల్లాల్లో కాలేజీలు మూతపడ్డాయి. ఉస్మానియా విద్యార్థుల్లో మొదటి నుంచీ రెండు అభిప్రాయాలున్నాయి. రక్షణలు నికరంగా అమలైతే చాలునని ఒక వర్గం, ప్రత్యేక రాష్ట్రం తప్ప గత్యంతరం లేదని మరో వర్గం. రెండో వర్గానికి మల్లికార్జున్ ముఖ్య నాయకుడిగా ఎదిగారు. ఈ చీలికను ఉద్యమ బలహీనతగా చాలామంది రాశారు. నాకు మాత్రం అది వాళ్ల పరిపక్వతకు గుర్తుగా కనిపిస్తుంది. ఉన్న చట్టంతోనే న్యాయం జరుగుతుందా, రాష్ట్ర నిర్మాణమే మారాలా అని వాళ్లు ఆ జనవరిలో వాదించుకున్నారు. ఆ తర్వాత నాలుగేళ్లు సుప్రీంకోర్టూ పార్లమెంటూ తలపట్టుకున్నది ఈ ప్రశ్న మీదే.

జనవరి 19న ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి అఖిలపక్షం సమావేశపరిచారు. రెండు ప్రాంతాల పార్టీల నాయకులు ఒప్పందం మీద సంతకాలు చేశారు. తెలంగాణలో స్థానికుల పోస్టుల్లో ఉన్న స్థానికేతరులను ఫిబ్రవరి 28లోగా పంపించాలి, తెలంగాణ మిగులు నిధుల లెక్క తేల్చాలి అన్నవి అందులో ముఖ్యాంశాలు. రెండు రోజులకే, జనవరి 21న, 36వ నంబరు జీవో వెలువడింది. కాగితం మీద చూస్తే విద్యార్థులు అడిగిందంతా వారంలో వచ్చేసినట్టే. మరి ఉద్యమం ఎందుకు ఆగలేదు? ఆ సంతకాలు చేసినవాళ్లలో వీధిలో ఉన్నవాళ్లు లేరు. పదమూడేళ్లుగా ఒప్పందాలు చేస్తూ, మరుస్తూ వచ్చిన పార్టీలే మళ్లీ ఒకరికొకరు మాట ఇచ్చుకున్నాయి. ఆ మాట నిలబడుతుందా అని పరీక్షించి చూసే అవకాశం విద్యార్థులకు లేదు, అమలును పర్యవేక్షించే కమిటీలో చోటు లేదు. చర్చల్లో కూర్చోబెట్టి ఉంటే ఒక వర్గమైనా ఆ ఒప్పందాన్ని తమదిగా భుజాన వేసుకునేది. రక్షణలు చాలన్న వర్గం ఉండనే ఉంది. ఆ వర్గానికి చెప్పుకోవడానికి ఏమీ మిగల్చకుండా చేసింది ప్రభుత్వమే.

కోర్టుల్లో జరిగింది చూస్తే విద్యార్థుల అనుమానం ఎంత నిజమో తేలిపోతుంది. బదిలీ వేటు పడిన ఉద్యోగులు హైకోర్టుకు వెళ్లారు. అది వాళ్ల హక్కు, వాళ్ల బాధా చిన్నది కాదు. ఫిబ్రవరి మొదట్లోనే 36వ జీవోకు హైకోర్టులో ఎదురుదెబ్బ తగిలింది. మార్చి 28న సుప్రీంకోర్టు మూలాన్నే కొట్టేసింది. ఉద్యోగానికి నివాస నిబంధన పెట్టే అధికారం రాజ్యాంగం 16(3) అధికరణ కింద పార్లమెంటుకు ఉంది గాని, ఆ నిబంధన రాష్ట్రమంతటికీ ఉండాలి, రాష్ట్రంలో ఒక ప్రాంతానికి మాత్రమే పెట్టడం కుదరదు అని తీర్పు చెప్పింది. 1957 చట్టంలో తెలంగాణకు సంబంధించిన భాగం చెల్లదంది. పన్నెండేళ్లుగా రక్షణ రక్షణ అని పెద్దలు చెబుతూ వచ్చిన దానికి రాజ్యాంగపరమైన పునాదే లేదని తేలింది. రాజ్యాంగాన్ని సవరించాలి, లేదా రాష్ట్రాన్ని వేరు చేయాలి, మూడో దారి లేదు. ఏ ఇరవై ఏళ్ల కుర్రాళ్లను ఆవేశపరులని కొట్టిపారేశారో వాళ్లు జనవరిలో అన్నదీ ఇదే. మిగులు నిధుల విషయంలోనూ అంతే. తెలంగాణ మిగులు 34 కోట్ల రూపాయలని కుమార్ లలిత్ కమిటీ లెక్క చెప్పింది, దాన్ని తిరిగి పరిశీలించిన జస్టిస్ భార్గవ కమిటీ 28 కోట్ల పైచిలుకుగా తేల్చింది. అంకెలో తేడా ఉండొచ్చు, తెలంగాణ డబ్బు మరో చోట ఖర్చయిందన్న విద్యార్థుల ఆరోపణ మాత్రం ప్రభుత్వం వేసిన కమిటీల చేతుల్లోనే రుజువైంది.

విద్యార్థులను పదవి దక్కని కాంగ్రెస్ నాయకులు వెనక నుండి ఎగదోశారన్నది అప్పటి నుంచి ఇప్పటిదాకా వినిపించే అభ్యంతరం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. మర్రి చెన్నారెడ్డి 1967లో తాండూరు నుంచి గెలిచిన ఎన్నికపై ఓడిపోయిన అభ్యర్థి వందేమాతరం రామచంద్రరావు కోర్టుకెక్కగా, ఆ ఎన్నిక రద్దయి చెన్నారెడ్డి ఆరేళ్ల పాటు పోటీకి అనర్హులయ్యారు. రాజకీయంగా దారులు మూసుకుపోయిన నాయకుడికి ఉద్యమం ఊపిరి పోసింది. కానీ ఎవరు ముందు వచ్చారో, ఎవరు తర్వాత వచ్చారో చూడండి. ఖమ్మం దీక్ష జనవరిలో. కాలేజీల సమ్మె జనవరిలో. తెలంగాణ ప్రజాసమితి పుట్టింది మార్చిలో. కొండా లక్ష్మణ్ బాపూజీ మంత్రి పదవి వదులుకున్నదీ ఆ తర్వాతే. చెన్నారెడ్డి ప్రజాసమితి పగ్గాలు అందుకున్నది మే నెలలో. అప్పటికి కాల్పులు జరిగిపోయాయి, వేలమంది లాకప్పులు చూశారు. పెద్దలు విద్యార్థులను వీధుల్లోకి తేలేదు. విద్యార్థులు నింపిన వీధుల్లోకి పెద్దలు వచ్చి ముందు వరసలో నిలబడ్డారు. ఎగదోశారన్న మాట నిజం కావాలంటే ఈ వరస తిరగబడాలి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయాలి. 1969లో మన దేశంలో ఓటు హక్కు వయసు 21. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్న పద్దెనిమిదేళ్ల విద్యార్థి ఆ జనవరిలో సమ్మె చేశాడనుకోండి. 1971 మార్చిలో లోక్‌సభ మధ్యంతర ఎన్నికలు వచ్చేసరికి అతనికి ఇరవయ్యేళ్లే. ఉద్యమం మొదలుపెట్టాడు, లాఠీ దెబ్బలు తిన్నాడు, ఒక సంవత్సరం చదువు పోగొట్టుకున్నాడు. తీరా ప్రజల తీర్పు అడిగిన రోజున పోలింగ్ కేంద్రం బయట నిలబడ్డాడు. అప్పట్లో ప్రపంచమంతా ఈ విషయం గురించి ఆలోచిస్తోంది. బ్రిటన్ 1969లోనే ఓటు వయసును పద్దెనిమిదికి తగ్గించింది, అమెరికా 1971లో రాజ్యాంగాన్ని సవరించి అదే పని చేసింది. మనం 61వ సవరణ చేయడానికి 1988 దాకా ఆగాం, అది 1989లో అమల్లోకి వచ్చింది. పిటిషన్ పెడితే చూసేవాడు లేడు, ఓటు వేద్దామంటే హక్కు లేదు. అలాంటివాడికి మిగిలేవి దీక్ష, ఊరేగింపు, బంద్. ప్రజాస్వామ్య పద్ధతులు పాటించలేదని నిందించే ముందు, ఆ పద్ధతుల్లో వాళ్లకు ఏది అందుబాటులో ఉందో చెప్పాలి కదా.

ఈ దారి ఎంత ఖరీదైనదో హైదరాబాద్‌లో అసెంబ్లీ ఎదురుగా గన్‌పార్కులో నిలబడి చూస్తే తెలుస్తుంది. అక్కడి అమరవీరుల స్తూపాన్ని శిల్పి ఎక్కా యాదగిరిరావు తీర్చారు. నల్లరాతి పీఠం మీద తూటాలు దిగిన గుర్తుల్లాంటి గుంటలు చెక్కారు. పైన ఎర్రరాతి స్తంభం, దాని శిఖరాన తొమ్మిది రేకుల పువ్వు. అప్పటి తెలంగాణ జిల్లాలు తొమ్మిది. జనవరి చివర్లో సదాశివపేట కాల్పుల్లో పదిహేడేళ్ల కుర్రాడు చనిపోయాడు. మే 1న చార్మినార్ నుంచి రాజ్‌భవన్‌కు తలపెట్టిన ఊరేగింపును నిషేధించారు, జనం ఆగలేదు, మళ్లీ కాల్పులు జరిగాయి. ఉద్యమకారులు 369 మంది అమరులయ్యారంటారు. ప్రభుత్వం ఒప్పుకున్న సంఖ్య అంతకంటే చాలా తక్కువ. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని తేల్చే నిష్పాక్షిక విచారణ ఏదీ పూర్తి కాలేదంటేనే, పోయిన ప్రాణాలకు నాటి రాజకీయం ఇచ్చిన విలువ ఎంతో అర్థమవుతుంది. ఆ స్తూపానికి 1970లో శంకుస్థాపన జరిగింది, పని ముగిసేసరికి 1975 వచ్చింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కుర్రవాళ్లే అన్న విషయంలో మాత్రం ఎవరికీ తగాదా లేదు.

చదువు పోయింది కదా అనేది మరో అభ్యంతరం, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నెలల తరబడి కాలేజీలు మూతపడ్డాయి, పరీక్షలు బహిష్కరించారు, ఒక విద్యా సంవత్సరం గాలికి పోయింది. ఇంట్లో ఆస్తి ఉన్నవాడికి ఒక ఏడాది ఆలస్యం పెద్ద లెక్క కాదు. అప్పు చేసి హాస్టల్ ఫీజు కట్టిన ఇంటి బిడ్డకు అది చదువు మానేసి పొలానికి తిరిగిపోయే ప్రమాదం. ఆడపిల్లల విషయంలో ఇంకా కష్టం, ఏడాది విరామం వస్తే పెళ్లి ముడి పడిపోతుంది, చదువు అక్కడితో సరి. ఉద్యమాన్ని ఎంత అభిమానించేవాళ్లైనా ఈ నష్టాన్ని ఒప్పుకోవాలి. అయితే ఈ నష్టం భరించిన తల్లిదండ్రులు ఏమనుకున్నారో తెలుసుకునే సాక్ష్యం మన దగ్గర ఉంది. 1971 మార్చి ఎన్నికల్లో ఇందిరాగాంధీ ప్రభంజనం దేశమంతా వీచింది. తెలంగాణలో మాత్రం పద్నాలుగు లోక్‌సభ స్థానాల్లో పదింటిని ప్రజాసమితి గెలుచుకుంది. ఓట్లు వేసినవాళ్లు ఇరవై ఒక్కేళ్లు దాటినవాళ్లు, అంటే ఎక్కువగా ఆ విద్యార్థుల అమ్మానాన్నలు, అన్నావదినలు, ఊరి పెద్దలు. పిల్లలు దారి తప్పారని, తమ కష్టార్జితం తగలేశారని వాళ్లు అనుకుని ఉంటే ఆ కోపం బ్యాలెట్ పెట్టెలో కనపడేది. అందులో కనపడింది మద్దతు. ఓటు లేని తరం తరఫున ఓటున్న తరం చెప్పిన సాక్ష్యంగా నేను ఈ ఫలితాన్ని చదువుతాను.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. ఉద్యమంలో హింస జరిగింది. బస్సులు తగలబడ్డాయి, దుకాణాల మీద రాళ్లు పడ్డాయి, బతుకుతెరువు కోసం వచ్చి ఏ పాపమూ ఎరగని కోస్తా, రాయలసీమ కుటుంబాలు భయంతో రాత్రికి రాత్రి ఊళ్లు విడిచాయి. జీవో తయారుచేసింది సచివాలయం, తప్పుడు ధ్రువపత్రాన్ని చూసీ చూడనట్టు వదిలింది అధికారి, దెబ్బ తగిలింది పక్కింటి గుమాస్తా కుటుంబానికి. ఇది అన్యాయం. న్యాయం కోసం లేచినవాళ్లు చేసినా అన్యాయం అన్యాయమే. కానీ దీన్ని వయసు ఖాతాలో వేసేస్తే చరిత్ర అర్థం కాదు. అదే ఏడాది వేలమంది విద్యార్థులు దీక్షల్లో కూర్చున్నారు, సత్యాగ్రహం చేసి అరెస్టయ్యారు. ఎన్జీవోలు నెలల తరబడి సమ్మె చేశారు, ఈశ్వరీబాయి, సదాలక్ష్మి లాంటి నాయకురాళ్లు సభలు నడిపారు. క్రమశిక్షణ ఉన్నచోట హింస తగ్గింది. నాయకులను జైళ్లకు పంపి, సంఘాలను చెదరగొట్టినచోట గుంపుకు పగ్గం లేకుండా పోయింది. గుంపును అదుపు చేయాలంటే గుంపుకు జవాబు చెప్పే నాయకత్వం కావాలి. ఆ నాయకత్వానికి గౌరవం కావాలి. గౌరవం అంటే సన్మానాలు కాదు, చర్చల్లో కుర్చీ. దాన్ని నిరాకరించిన ప్రభుత్వం హింసలో తన వంతు బాధ్యత తప్పించుకోలేదు.

ఇక ఉద్యమం ముగిసిన తీరు చూడండి. పది స్థానాలు గెలిచిన ప్రజాసమితి ఆరు నెలలు తిరిగేసరికి, 1971 సెప్టెంబరులో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ముఖ్యమంత్రి మారాలి, తెలంగాణ వ్యక్తికి ఆ పదవి దక్కాలి, ముల్కీ నిబంధనలు కొనసాగాలి అన్నవి కుదిరిన ఏర్పాట్లు. బ్రహ్మానందరెడ్డి తప్పుకున్నారు. సెప్టెంబరు 30న పి.వి. నరసింహారావు ప్రమాణం చేశారు. ఈ ధారావాహికలో 1938 వందేమాతరం సమ్మె భాగం చదివినవాళ్లకు ఆయన గుర్తుండే ఉంటారు. నిజాం రాజ్యంలో విద్యార్థిగా చదువుకు దూరం చేయబడి నాగపూర్ దారి పట్టినవారిలో ఆయనా ఒకరు. ఒక విద్యార్థి ఉద్యమం తయారుచేసిన మనిషి మరో విద్యార్థి ఉద్యమం తెచ్చిన కుర్చీలో కూర్చున్నారన్నమాట. విలీనం సరైనదా తప్పా అన్న వాదనలోకి నేను వెళ్లను. ప్రత్యేక రాష్ట్రం పేరు మీద ఓట్లు అడిగి, ఆ ఓట్లతో ముఖ్యమంత్రి మార్పును కొనుక్కున్నప్పుడు, ఆ బేరం గురించి జిల్లాల్లోని విద్యార్థి సమితులను అడిగినవారు లేరు. ఓటు లేనివాళ్లను అడగాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. ఉద్యమానికి నాంది పలికినవాళ్లు దాని ముగింపును పత్రికల్లో చదివి తెలుసుకున్నారు.

పిల్లలను చర్చలకు పిలిచినా ఫలితం ఇంతకంటే మెరుగ్గా ఉండేదని నమ్మకమేమిటి అని అడగవచ్చు. జరగని చరిత్రకు ఎవరూ హామీ ఇవ్వలేరు. జరిగిన చరిత్ర చాలు. సుప్రీంకోర్టు 1969 మార్చిలోనే రాజ్యాంగ సవరణ తప్పదని పరోక్షంగా తేల్చింది. ఆ సవరణ చేయకుండా అష్టసూత్రాలని ఒకటి, కమిటీలని ఒకటి, ముఖ్యమంత్రి మార్పని ఒకటి చేస్తూ నాలుగేళ్లు గడిపారు. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు నిజాం కాలం నాటి ముల్కీ నిబంధనలు చెల్లుతాయని చెప్పగానే ఈసారి కోస్తాంధ్ర, రాయలసీమ విద్యార్థులు జై ఆంధ్ర అంటూ లేచారు. రాష్ట్రపతి పాలన వచ్చింది. చివరికి 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, దాని వెంట 32వ రాజ్యాంగ సవరణ, 371డి అధికరణ, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. రాష్ట్రంలోని ఒక్కో ప్రాంతానికి వేరుగా స్థానికతను నిర్వచించే అధికారం అప్పటికి గాని రాజ్యాంగంలో చేరలేదు. 1969లో విద్యార్థుల్లోని మితవాద వర్గం అడిగిందీ సరిగ్గా అదే, చట్టబద్ధంగా నిలబడే రక్షణ. రెండు ప్రాంతాల్లో రెండు ఉద్యమాలు, వందల ప్రాణాలు, లక్షల మంది విద్యార్థుల చదువు ఖర్చయ్యాక పెద్దలు అక్కడికి చేరుకున్నారు. మొదటి నెలలోనే ఆ పిల్లల మాట విని ఉంటే ఈ ఖర్చులో కొంతైనా తగ్గేదని అనుకోవడం అత్యాశ కాదు.

వ్యక్తులుగా విద్యార్థి నాయకులకు దారులు తెరుచుకున్న మాట నిజం. మల్లికార్జున్ 1971లో మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు, తర్వాత కాంగ్రెస్‌లో కొనసాగి కేంద్ర మంత్రి అయ్యారు. తెలంగాణ రెండో దశ ఉద్యమంలోనూ ఉస్మానియా మళ్లీ కేంద్రమైంది. 2009 డిసెంబరు నుంచి 2014 జూన్ 2 దాకా విద్యార్థులు ముందు నిలిచారు, వాళ్లలో కొందరు 2014లో చట్టసభలకు వెళ్లారు. దీన్ని యువతకు దక్కిన ప్రాతినిధ్యంగా చెబుతారు. నేనలా చూడలేను. పదిమందిలో ఒకరిని పైకి లాక్కోవడం వేరు, మిగిలిన తొమ్మిదిమందికి తమ మాట వినిపించే వేదిక ఉండడం వేరు. మొదటిది పార్టీలకు సులువు, అందుకే ఎప్పుడూ అదే జరుగుతుంది. రెండోది లేనప్పుడు ఆ తొమ్మిదిమంది ఏమవుతారో 1970ల చరిత్ర చెబుతుంది. విలీనం జరిగిన ఏడు నెలలకు, 1972 ఏప్రిల్ 14న, ఉస్మానియాలో విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి హత్యకు గురయ్యాడు. ఆ తర్వాతి సంవత్సరాల్లో క్యాంపస్‌లలో పార్లమెంటరీ రాజకీయాల మీద నమ్మకం లేని విప్లవ విద్యార్థి సంఘాలు బలపడ్డాయి. దీనికి కారణాలు అనేకం, వాటన్నిటినీ విలీనం మీదికి నెట్టలేం. కానీ ఓట్ల రాజకీయం తమను వాడుకుని వదిలేస్తుందన్న అభిప్రాయం అప్పుడు బలపడిందంటే, దానికి కళ్ల ముందే ఒక ఉదాహరణ ఉంది.

ఇదంతా యాభై ఏళ్ల నాటి సంగతిగా వదిలేయడానికి వీల్లేదు. ఇవాళ పద్దెనిమిదేళ్ల విద్యార్థి ముఖ్యమంత్రిని ఎన్నుకోగలడు. తన కాలేజీ విద్యార్థి సంఘం అధ్యక్షుణ్ని మాత్రం ఎన్నుకోలేడు. ఉమ్మడి రాష్ట్రంలో 1980ల చివర విద్యార్థి సంఘ ఎన్నికలు ఆగిపోయాయి, రెండు రాష్ట్రాలైనా మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో వాటి ఊసు లేదు. క్యాంపస్ హత్యలు, పార్టీల డబ్బు, కులాల కుమ్ములాటలు అప్పుడు కారణాలుగా చూపారు. అవి కల్పించిన భయాలు కావు. వాటికి మందు కూడా ఉంది. లింగ్డో కమిటీ సిఫార్సులను 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమంది. అభ్యర్థికి వయోపరిమితి, 75 శాతం హాజరు, ఖర్చు 5,000 రూపాయలకు మించకూడదన్న నియమాలు అందులో ఉన్నాయి. 1973 ఆరు సూత్రాల ఫలితంగా పుట్టిన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘ ఎన్నికలు ఇవాళ్టికీ జరుగుతున్నాయి. ఆ ఊళ్లోనే సాధ్యమైనది ఉస్మానియాలో, కాకతీయలో, ఆంధ్రాలో, శ్రీవేంకటేశ్వరలో ఎందుకు సాధ్యం కాదో పాలకులు చెప్పాలి.

ఎన్నికైన సంఘం ఉంటే ఆందోళనలు ఉండవని నేననడం లేదు. స్కాలర్‌షిప్ బకాయిలుంటే, నోటిఫికేషన్లు రాకపోతే, హాస్టల్లో తిండి పాడైతే పిల్లలు రోడ్డెక్కుతారు, ఎక్కాలి కూడా. అలా ఎక్కినప్పుడు వాళ్ల తరఫున మాట్లాడే హక్కు ఎవరిదో అందరికీ తెలిసి ఉండాలి, ఆ ప్రతినిధి ఒప్పుకుంటే ఒప్పందం నిలబడాలి, తప్పు చేస్తే వచ్చే ఏడు వాళ్లే దించేయాలి. 1969లో ఈ మూడూ లేవు. అందుకే ప్రభుత్వానికి మాట్లాడడానికి మనిషి దొరకలేదు, విద్యార్థులకు తమ నాయకులను నిలదీసే మార్గం దొరకలేదు, పెద్దలకు బేరం చేసుకునే వీలు దొరికింది. యువతను రాజకీయాలకు దూరంగా ఉంచాలా వద్దా అని ఇప్పటికీ చర్చ పెట్టేవాళ్లు ఒక విషయం గమనించాలి. 1938లో, 1952లో, 1969లో, 1972లో, 2009లో ఎవరూ వాళ్లకు అనుమతి ఇచ్చి రాజకీయాల్లోకి రమ్మనలేదు. బతుకు ప్రశ్న వచ్చినప్పుడల్లా వాళ్లే వచ్చారు, మళ్లీ వస్తారు. వచ్చినవాళ్లకు బాధ్యతతో కూడిన చోటు ఇస్తామా, లేక ప్రతిసారీ ముందు లాఠీలతో, తర్వాత స్తూపాలతో సరిపెడతామా అన్నది మాత్రం మన చేతిలో ఉంది.

(వచ్చే భాగం: 1972–73 జై ఆంధ్ర ఉద్యమంలో కోస్తా, రాయలసీమ విద్యార్థులు)